పానగల్లు దిగువ జాలు నేలలో జమ్ము, తుంగ: ఒక పెరటి కేస్ స్టడీ

నల్లగొండలో తోటపని చేసే మాలాంటివాళ్లకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం నీళ్లు చాలడం లేదనే. ఈ కేసులో మాత్రం నీళ్లు ఎక్కువై ఇబ్బంది. ఇల్లు పట్టణం అంచున, పానగల్లు వైపు, ఉదయసముద్రం కట్టకు దిగువ వాలులో ఉంది. కందూరు చోడుల కాలంనాటి ఆ చెరువు ఇప్పుడు ఏఎమ్మార్పీ (అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ నీళ్లను నిలిపే రిజర్వాయర్ కూడా. చెరువు నిండుగా ఉన్నన్ని రోజులు దిగువ నేలల్లో కొన్నిచోట్ల జాలు పడుతుంది, అంటే అడుగు నుంచి నీళ్లు ఊరి నేల బురదగా ఉంటుంది. ఈ ఇంటి వెనక పెరట్లో ఒక మూల వానాకాలం మొదలైతే సంక్రాంతి దాటేదాకా చెప్పు దిగబడేది.

ఇంటాయన రిటైరైన హెడ్మాస్టరు. నన్ను పిలవకముందే ఆ మూలలో రెండు ట్రాక్టర్ల మొరం పోయించారు. మొరం పోసినచోట నేల గట్టిపడింది, ఊట మాత్రం పక్కకు జరిగి ప్రహరీ గోడ పునాది కిందికి చేరింది. గోడకు చెమ్మ ఎక్కి సున్నం పొరలు పొరలుగా రాలుతోంది. ఊటకు పోయే దారి లేనప్పుడు పైన ఎంత మట్టి పోసినా జరిగేది ఇదే. అది ఇంకో చోట తేలుతుంది.

ఆయనకు ఇంకో రెండు పనులు కూడా ఉన్నాయి. ఒకటి, బాత్రూం, వంటింటి నీళ్లు రోడ్డు మీదికి పోయి పక్కింటివాళ్లతో రోజూ మాట పడాల్సి వస్తోంది. రెండోది కోరిక: ముందు వైపు ఒక చిన్న కొలను, అందులో ఇక్కడి మొక్కలే ఉండాలి. అప్పటికే నర్సరీ నుంచి నాలుగు అంబ్రెల్లా పామ్ కుండీలు తెచ్చి పెట్టుకున్నారు. కడియం నుంచి లారీల్లో వచ్చే సరుకులో అది తప్పకుండా ఉంటుంది, చూడటానికీ బాగుంటుంది. కాని అది మడగాస్కర్, ఆఫ్రికా వైపు మొక్క. ఆ మాట చెప్పగానే ఆయన కుండీలను వరండాలోకి జరిపి, "మరి మన చెరువుల్లో ఉండేది పెడదాం" అన్నారు. లోపలి నుంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది: "మన చెరువులల్ల ఉండేది జమ్మే గద బిడ్డా. జమ్ము పెడితె పాములొస్తయి."

పెద్దావిడ అన్న రెండు మాటలూ నిజమే. అందుకే ఏ మొక్క ఎక్కడ పెట్టాలో తేల్చేముందు నీళ్ల సంగతి చూడాల్సి వచ్చింది.

నీటిమట్టం కొలిచాకే మొక్క

జాలు మూలలో గడ్డపారతో నాలుగడుగుల లోతు గుంత తీసి, పక్కలకు రంధ్రాలు పెట్టిన పీవీసీ పైపు నిలబెట్టి చుట్టూ కంకర పోశాం. పైపులోకి కర్ర దించి, తడిసిన మేరకు కొలిస్తే నేలలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో తెలుస్తుంది. దీనికి మీటర్లేమీ అక్కర్లేదు. మాస్టారు వారానికోసారి కొలిచి, వంటింటి గోడమీద క్యాలెండర్లోనే రాసిపెట్టారు. బడిలో హాజరు పట్టీ రాసిన చేయి కదా, ఒక్క వారం కూడా తప్పలేదు.

ఆ రాతల్లో కనిపించింది ఇది. శ్రావణం నుంచి కార్తీకం దాకా నీళ్లు నేల మట్టానికి బెత్తెడు లోపలే ఉంటున్నాయి, పెద్ద వాన పడితే పైన నిలుస్తున్నాయి. శివరాత్రి నాటికి అడుగున్నర కిందికి దిగుతున్నాయి. మే నెలలో మూడడుగులు. అంటే ఈ మూల ఏడాదంతా బురద కాదు. ఎనిమిది నెలలు తడి, మిగతా నెలలు ఎండు. ఇలాంటి చోట ఎప్పుడూ నీళ్లలో వేరు తడుస్తూ ఉండాల్సిన మొక్క పెడితే వేసవిలో మాడిపోతుంది, ఎండకు తట్టుకునే మొక్క పెడితే భాద్రపదంలో కుళ్లిపోతుంది.

అందుకని పెరటిని మూడుగా విడదీశాం. ముందు కొలనులో నీళ్లు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉండాలి. వెనక మూలలో మట్టం దానిష్టం, మనం ముట్టుకోం. ఈ రెంటికీ మధ్య ఇంటి వాడకం నీళ్లకు ఒక కంకర మడి. అందులో మట్టం మన చేతిలో ఉండాలి. ఈ మూడింటికీ ఒకే మొక్క పనికిరాదు.

జమ్ము ఒక రకం, తుంగ ఇంకో రకం

ఊళ్లలో రెంటినీ కలిపి గడ్డి అనేస్తారు గాని, పని తెలిసినవాడు చేత్తో పట్టుకుని చెప్పగలడు. జమ్ము ఆకు చదునుగా, కత్తిలా ఉంటుంది. విరిస్తే లోపల స్పాంజిలాంటి మెత్తటి గదులు కనిపిస్తాయి. మనిషిని మించి పెరుగుతుంది, రెండు మూడు మీటర్లు మామూలే. గోధుమరంగు మెత్తటి కంకి దానిదే. అడుగున బొటనవేలంత లావు వేరుదుంప బురదలో అడ్డంగా పాకుతూ, పోయినచోటల్లా పిలకలు వేస్తుంది. దుంప కొన గునపంలా సూదిగా ఉంటుంది, పలుచటి ప్లాస్టిక్ షీటును పొడిచేయగలదు.

తుంగ కాడను వేళ్ల మధ్య దొర్లిస్తే మూడు పలకలు తగులుతాయి. తుంగలో చాలా రకాలున్నాయి. చెలకలో, పూలమడుల్లో రైతును ఏడిపించే పొట్టి తుంగ వేరు, నీళ్లలో నడుము ఎత్తు పెరిగే తుంగలు వేరు. పొట్టి తుంగ గడ్డలు గొలుసులా భూమిలోకి దిగుతాయి, ఒక్క గడ్డ మిగిలినా మళ్లీ వస్తుంది. కాబట్టి నీటి తుంగను తెచ్చినప్పుడు దాని వేర్లకు అంటిన మట్టి మొత్తం కడిగేయాలి. ఆ మట్టిలో పొట్టి తుంగ గడ్డ ఒకటి దాక్కుని వచ్చినా ఆ పెరటికి ఇక జీవితాంతం కలుపు పనే.

మూడోది ఒకటి ఉంది, ఎక్కువమంది పట్టించుకోనిది. వరిమడి గట్ల పక్కన, కుంటల అంచున గుండ్రటి ఆకుపచ్చ కాడలు గుబురుగా నిలబడి ఉంటాయి. ఆకులే ఉండవు. కాడ బోలుగా ఉంటుంది, నొక్కుతూ పోతే లోపల అడ్డుగోడలు వేలికి తెలుస్తాయి. పూలగుత్తి కొసన రాదు, కాడ సగంలో పక్కకు తోసుకొచ్చినట్టు వస్తుంది. శాస్త్రంలో షీనోప్లెక్టియెల్లా ఆర్టిక్యులేటా అంటారు. మా వైపు కూలీలు దీన్నీ తుంగలోనే జమకడతారు. జమ్ములా పాకదు, కుదురుకట్టుకుని ఉన్నచోటే ఉంటుంది. చిన్న కొలనుకు ఇంతకంటే మంచి దేశీ మొక్క నాకు తెలియదు. నర్సరీలో దొరకదు, ఎందుకంటే ఎవరూ అడగరు.

కాబట్టి కొలనులో ఈ గుండ్రకాడల తుంగ, మూడు పలకల నీటి తుంగ పెట్టాం. జాలు మూలలో నీటి తుంగ, ప్రహరీ వెంబడి వట్టివేరు వరస, కింద ఖాళీ లేకుండా సరస్వతి ఆకు. వట్టివేరు నీళ్లలో నిలబడుతుంది, ఎండకూ చావదు. మన దక్షిణాదిలో పెంచే రకం విత్తనం కట్టదు కాబట్టి పక్కకు పాకుతుందన్న టెన్షన్ లేదు. జమ్ముకు కంకర మడి ఒక్కటే ఇచ్చాం, అదీ నాలుగు వైపులా, అడుగున సిమెంటు కట్టించాకే.

తేవడం

కనగల్ వైపు ఒక ఊరి కుంట నుంచి తెచ్చాం. మృగశిర కార్తెకు ముందే పోవాలి. నీళ్లు వెనక్కి తగ్గి అంచులో బురద తేలి ఉంటుంది, దుంప తవ్వడం తేలిక, తొలకరి పడేనాటికి నాటిన మొక్క వేరు పట్టుకుంటుంది. ఊరి కుంటలో ఏది తీసినా సర్పంచికి, చేపల సొసైటీ వాళ్లకు ముందే చెప్పాలి. వాళ్లు కాదనరు, జమ్ము వలలకు అడ్డం కదా. సొసైటీ పెద్దమనిషి మా సంచులు చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. "మేము కూలి పెట్టి పీకిస్తున్నం. నువ్వు పైసలిచ్చి కొంటపోతున్నవ్. ఇంకో ట్రాలీ గూడ నింపుకో అన్నా, ఫ్రీ."

మూసీ వెంబడి జమ్ము ఇంకా తేలికగా దొరుకుతుంది, రోడ్డు పక్కనే ఉంటుంది. అయినా అక్కడి నుంచి తేకూడదనే చెబుతాను. హైదరాబాద్ మురుగు మోసుకొచ్చే నీళ్లలో పెరిగిన దుంపలో, దాని బురదలో ఏముందో ఇంటి పెరట్లోకి తెచ్చుకోవడం ఎందుకు?

దుంపను జానెడు ముక్కలుగా, ఒక్కోదానికి రెండు పిలకలైనా ఉండేలా కోశాం. ఆకులను అడుగు ఎత్తులో కత్తిరించాం. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది: నాటాక ఈ కోసిన కొన నీళ్లపైనే ఉండాలి. జమ్ము తన వేరుకు కావాల్సిన గాలిని ఆకు గదుల గుండానే కిందికి పంపుకుంటుంది. కొన మునిగితే దుంపకు ఊపిరి ఆడదు, వారం పది రోజుల్లో మెత్తబడి వాసన వస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మొక్కను బతికించేదీ చంపేదీ ఇదే.

తెచ్చినవాటిని నేరుగా నాటలేదు. శుభ్రంగా కడిగి, సిమెంటు గోలెంలో కొన్ని వారాలు విడిగా ఉంచాం. గుర్రపుడెక్క పిలకలు, నత్తగుడ్లు, ఇంకేవైనా అంటుకొచ్చినవి ఆ గోలెంలోనే బయటపడతాయి. గుర్రపుడెక్క ముక్క ఒకటి బయటపడింది కూడా. అది కొలనులో పడి ఉంటే నెలరోజుల్లో నీళ్లు కనిపించేవి కావు.

కంకర మడి

ఇంట్లో నలుగురు. మరుగుదొడ్డి నీళ్లు సెప్టిక్ ట్యాంకుకు పోతాయి, వాటి జోలికి పోలేదు. స్నానం, బట్టలు, గిన్నెల నీళ్లు కలిపి రోజుకు 300 లీటర్లు అనుకున్నాం. మడి పొడవు 10 అడుగులు, వెడల్పు 4, కంకర లోతు 2. అంటే 80 ఘనపుటడుగులు, దాదాపు 2,260 లీటర్ల జాగా. కంకర మధ్య సందులు అందులో 40 శాతం దాకా ఉంటాయి కాబట్టి 900 లీటర్ల నీళ్లు పడతాయి. రోజుకు 300 వస్తే ఒక్కో నీటిచుక్క మూడు రోజులు లోపల ఉండి బయటికి వస్తుంది. ఈ లెక్క ముందు వేసుకోకుండా "ఓ గుంత తవ్వి జమ్ము పెట్టండి" అని చెప్పేవాళ్లను నమ్మొద్దు. చిన్న మడికి ఎక్కువ నీళ్లు వదిలితే పైకి పొంగి వాసన కొడుతుంది, తర్వాత తప్పు జమ్ము మీదికి పోతుంది.

వంటింటి పైపుకు ముందు జిడ్డు ఆగే చిన్న చాంబర్ కట్టాం. నీళ్లు కింద నుంచి పోతాయి, నూనె పైన తేలి ఆగుతుంది. దాన్ని పదిహేను రోజులకోసారి తీసేయాలి. తీయకపోతే కంకర సందులు జిడ్డుతో పూడుకుపోతాయి, మడి అంతా తవ్వి కడగడం తప్ప వేరే దారి ఉండదు. మొత్తం ఏర్పాటులో మనిషి చేయాల్సిన అసలు పని ఇదొక్కటే, అందరూ మరిచేదీ ఇదే.

నీళ్లు వచ్చేచోట పిడికెడంత రాళ్లు, మధ్యలో 20 ఎంఎం కంకర, పైన బెత్తెడు సన్న కంకర వేశాం. బయటికి పోయేచోట పైపుకు ఎల్బో (వంపు ముక్క) బిగించాం, అంటించలేదు. దాన్ని పైకి తిప్పితే మడిలో మట్టం లేస్తుంది, పక్కకు వంచితే దిగుతుంది. మామూలుగా నీళ్లు కంకర పైభాగానికి మూడు అంగుళాలు కిందే ఉండాలి. పైన నీళ్లు కనిపించవు కాబట్టి దోమ గుడ్డు పెట్టే వీలు లేదు.

మురికిని తీసేది జమ్మే అని చాలామంది అనుకుంటారు. ఎక్కువ పని కంకరకూ వేర్లకూ అంటుకుని ఉండే సూక్ష్మజీవులది. జమ్ము వేరు చుట్టూ కొంచెం గాలి వదులుతుంది, ఆ గాలి దగ్గర ఒక రకం, గాలి అందని చోట ఇంకో రకం జీవులు పనిచేస్తాయి. జమ్ము సొంతంగా చేసేది నత్రజని, భాస్వరం ఆకులోకి లాక్కోవడం. ఆ ఆకును కోసి బయట వేస్తేనే అది పోయినట్టు లెక్క. అక్కడే ఎండి రాలితే తిరిగి మడిలోకే వస్తుంది. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఊరి మురుగునీటికి ఇలాంటి మడుల మీద పనిచేశారు. హైదరాబాద్ నెక్నాంపూర్ చెరువులో 2018లో తేలే తెప్పల మీద జమ్ము, వట్టివేరు లాంటివి పెంచి నీటిని బాగుచేసే ప్రయత్నం జరిగింది. మాది ఇంటి కొలతలో అదే సూత్రం.

మడి నుంచి వచ్చిన నీళ్లు ఎటు పంపాలన్నది మాట్లాడుకోవాల్సి వచ్చింది. పెరట్లో బత్తాయి చెట్లున్నాయి, మాస్టారు వాటికే పారిద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. సబ్బు, సర్ఫులోని సోడియం మడిలో పోదు. కంకరలో ఎంతసేపు తిరిగినా ఉప్పు ఉప్పే. నిమ్మజాతి చెట్లు ఉప్పుకు తట్టుకోలేవు, ఆకు అంచులు మాడతాయి. అందుకని ఆ నీళ్లు అరటికి, ఇంకా మిగిలితే జాలు మూల వైపున్న వట్టివేరుకు పెట్టాం. బత్తాయికి ఎప్పటిలా డ్రిప్పే.

కొలను

పొడవు 12 అడుగులు, వెడల్పు 8. నడిమధ్య మూడడుగుల లోతు, చుట్టూ అడుగు లోతులో ఒక మెట్టు. మెట్టు మీద సిమెంటు గోలేలు పెట్టి వాటిలో తుంగ నాటాం. నేలలో నేరుగా నాటితే ఏ మొక్క ఎటు పోతుందో మన చేతిలో ఉండదు, గోలెమైతే ఎత్తి పక్కన పెట్టొచ్చు, కుదురు ముదిరితే విడదీయొచ్చు.

గోలెంలో చెరువు మట్టి తప్ప ఏమీ వేయొద్దు. పశువుల ఎరువు, వర్మీకంపోస్టు, యూరియా, అన్నీ నీళ్లలో కరిగి నాచుకే బలం. మట్టి మీద రెండంగుళాల ఇసుక పరిస్తే చేపలు కెలకకుండా ఉంటుంది. మొదట మొక్క మీద రెండంగుళాల నీళ్లే ఉంచి, పిలక లేచిన కొద్దీ పెంచాం.

తొలి వానాకాలమంతా నీళ్లు పచ్చగా, పప్పుకూరలా ఉన్నాయి. మాస్టారు కంగారుపడి దుకాణం నుంచి ఏదో మందు తెస్తానన్నారు, వద్దన్నాను. కొత్త కొలనులో పోషకాలను తాగేంత తుంగ ఇంకా లేదు, నీడా లేదు, ఆ ఖాళీని నాచు నింపుతుంది. దారంలా పెరిగే నాచును కర్రకు చుట్టి లాగేయడం, ఎండిన ఆకు పడితే తీసేయడం, అంతే. తుంగ కమ్ముకున్నాక, మరుసటి దసరా నాటికి అడుగున రాళ్లు కనిపించాయి.

దోమల కోసం మున్సిపాలిటీల వాళ్లు గంబూజియా చేపలు వదులుతుంటారు. అవి లార్వాలను తింటాయి, నిజమే. కాని అవి మనవి కావు, కప్ప గుడ్లనూ తోకకప్పలనూ కూడా ఉంచవు. కుంటలో వల వేసేవాళ్లను అడిగి సన్న పరకలు తెచ్చి వదిలాం. అవీ ఆ పని చేస్తాయి. ఏ చేపైనా దట్టమైన కాడల మధ్యకు దూరలేదు, దోమ పిల్లకు అదే అడ్డా. అందుకే కొలనులో మూడో వంతైనా తేట నీళ్లు వదలాలి, కుదురులు చిక్కబడితే పలచన చేయాలి.

ఎండాకాలం లెక్క మర్చిపోకూడదు. మే నెల వడగాలికి తెరిచిన నీటి మీద రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరి పోతుంది. ఈ కొలను వైశాల్యానికి అది 90 లీటర్లు, తుంగ తాగేది అదనం. బోరు నీళ్లతో నింపుతూ పోతే నీళ్లు ఆవిరవుతాయి గాని ఉప్పులు మిగిలిపోతాయి. నల్లగొండ బోరులో ఉప్పులంటే ఫ్లోరైడ్ కూడా. ఏడాది తిరిగేసరికి గోలెం అంచుకు తెల్లటి చార కడుతుంది. కాబట్టి డాబా నీళ్లను కొలనుకు మళ్లించాం. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 4,500 లీటర్లకు పైగా వస్తాయి. ప్రతి వానాకాలం కొలను పొంగి పొర్లి, పాత ఉప్పునీళ్లు కొట్టుకుపోతాయి.

ఫ్లోరైడ్ పేరు ఎత్తాను కాబట్టి ఇంకో మాట. ఈ పని చూసిన ప్రతివాళ్లూ అడిగేది ఇదే: "జమ్ము పెడితే బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ పోతదా?" పోదు. తాగే నీటికి ఈ మడికీ సంబంధమే లేదు. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నంతో చేసే పద్ధతి నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించారు. దానికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది పరీక్ష చేయించి చూసుకోవాల్సిన విషయం. తోటవాడు కంటితో చూసి చెప్పేది కాదు.

పాములు, దూది, పక్కింటి వడియాలు

పాము వచ్చింది. రెండో వానాకాలంలో కొలను మెట్టు మీద నీరుకట్టె ఒకటి కప్పను పట్టుకుని కనిపించింది. దానికి విషం లేదు, అయినా పట్టుకుంటే గట్టిగా కరుస్తుంది, పెద్దావిడకు అది చాలు. కప్పలు, చేపలు ఉన్నచోటికి నీరుకట్టె రాక మానదు. అది రాదని మాటిచ్చే తోటపనివాడు అబద్ధం చెబుతున్నట్టే. మనం చేయగలిగేది, మనిషి నడిచే దారికీ గడ్డికీ మధ్య మూడడుగుల ఖాళీ కంకర ఉంచడం, ఇంటి గోడను ఆనుకుని గడ్డి పెంచకపోవడం, రాలిన ఆకుల కుప్పలు వేయకపోవడం. కుప్పలుంటే ఎలుకలు, ఎలుకలుంటే నాగుపాము. భయపడాల్సింది దానికి. దారి మీద లైటు వేయించాక పెద్దావిడ సాయంత్రాలు కొలను దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది, కర్ర మాత్రం పక్కనే ఉంటుంది.

దూది సంగతి వేరు. జమ్ము కంకులు అందంగా ఉన్నాయని మాస్టారి కోడలు కోయనివ్వలేదు, హాల్లో ఫ్లవర్ వాజులో కూడా పెట్టుకుంది. ముదిరిన కంకి ఎండలో పగిలితే లక్షకు పైగా విత్తనాలు, ఒక్కోదానికి సన్నటి కుచ్చు. గాలి ఎటు వీస్తే అటే. ఆ రోజు పక్కింట్లో డాబా మీద వడియాలు ఎండుతున్నాయి. ఆవిడ పళ్లెం పట్టుకుని వచ్చి గేటు దగ్గర అన్న మాటలు ఇక్కడ రాయను. పళ్లెం నిండా బూరుగు దూది చల్లినట్టుంది. అప్పటి నుంచి కంకి గట్టిగా గోధుమరంగులో ఉన్నప్పుడే, చేత్తో నలిపితే విడిపోకముందే కోసేస్తున్నారు.

వడియాల గొడవ ఒక్క రోజుది, ఆ విత్తనాల గొడవ అలా కాదు. జమ్ము విత్తనానికి కావాల్సింది వెలుతురు తగిలే తడి బురద. నీడ పడే చోట, గడ్డి కమ్మిన చోట మొలవదు. జాలు మూలలో ముందే సరస్వతి ఆకు, తుంగ కమ్ముకుని ఉండడం అక్కడ పనికొచ్చింది. మొలిచినవల్లా ప్రహరీ వెంబడి మట్టి తెరిచి ఉన్న ఒక్క పట్టీలోనే. బెత్తెడు ఎత్తులో ఉండగా లాగితే వేరుతో సహా వస్తాయి. మోకాలెత్తు పెరిగాక లాగితే పైది తెగి చేతికొస్తుంది, దుంప లోపలే ఉంటుంది.

కొలను గోలేల్లో కూడా రెండు మూడు లేచాయి, కంటికి పడేసరికి దుంప కట్టాయి.

కొడవలి ఎక్కడ పెట్టాలి

ఈ కేసులో నేను అందరికీ చూపించేది ఇక్కడే. ఒకే మొక్క, ఒకే కొడవలి. కంకర మడిలో జమ్మును నేలకు అర అడుగు పైన కోస్తాం, ఏడాదికి రెండుసార్లు. మట్టం కంకర లోపలే ఉంటుంది కాబట్టి కోసిన మోడుల నుంచి గాలి దుంపకు అందుతూనే ఉంటుంది. రెండు వారాల్లో పచ్చగా చిగురిస్తుంది, ముందుకంటే చిక్కగా. కొలనులో అనుకోకుండా మొలిచిన జమ్మును నీటి మట్టానికి అరచేయి కింద కోస్తాం. కొత్త పిలక నీళ్లపైకి వచ్చిన ప్రతిసారీ మళ్లీ అలాగే. మోడు మునిగి ఉంటే దుంపకు గాలి దారి మూసుకుపోతుంది, నిల్వ ఉన్న పిండి పదార్థం అయిపోతుంది, కుళ్లుతుంది. మందు కొట్టాల్సిన పని లేదు. ఎండిన మోడు కూడా గాలిని పంపుతుంది కాబట్టి ఒక్క కాడ కూడా నీళ్లపైన మిగలకూడదు.

చెరువుల్లో ఏటా కూలి పెట్టి జమ్ము కోయించే ఊళ్లలో ఈ ఒక్క సంగతి పట్టించుకోరు. నీళ్లున్నప్పుడు పడవలోంచి, తెప్పలోంచి అందినకాడికి పైన కోస్తారు, దసరాకు కోస్తే దీపావళికి అంతా తిరిగి లేస్తుంది. ఎండాకాలం అంచులో నీళ్లు తగ్గినప్పుడు మొదలంటా కోసి, వానకు చెరువు నిండి ఆ మోడుల మీద నీళ్లు నిలిస్తే చాలావరకు పోతుంది. మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల్లో కూడా అంచులు లోతు తక్కువగా మిగిలినచోటే జమ్ము మళ్లీ పట్టుకోవడం చూస్తుంటాం. లోతున్నచోట దానికి కాలు నిలవదు.

కంకర మడి మరీ చిక్కబడి ఒక మూల పలచన చేయాల్సి వచ్చినప్పుడు కూడా ఇదే వాడాం. ఆ మూలలో కంకర అర అడుగు తీసేసి, మొదలంటా కోసి, ఎల్బో పైకి తిప్పాం. మోడుల మీద నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లలో దోమ పుట్టకుండా పైన దోమతెర గుడ్డ పరిచాం. దుంప మెత్తబడ్డాక ఎల్బో వంచి, కంకర తిరిగి పోశాం.

కోసిన ఆకు కుప్పలు పడుతుంది. కంపోస్టులో ఆలస్యంగా చివుకుతుంది, బర్రెలు ఇష్టంగా తినవు. లేత ఆకు కొంత ముట్టుకుంటాయి గాని వాడకం నీళ్లలో పెరిగినదాన్ని పశువులకు వేయొద్దనే అంటాను. మాస్టారు దాన్ని ఎండబెట్టి బత్తాయి పాదుల్లో మల్చింగ్‌గా పరుస్తున్నారు. కంకులు తీసేసిన ఆకు మాత్రమే. మొదలుకు తగలకుండా జానెడు వదిలి పరవాలి, తడి ఆకు మానుకు ఆనితే బత్తాయికి బంక తెగులు పిలిచి తెచ్చుకున్నట్టే. ఎండిన పాదులో జమ్ము మొలుస్తుందేమోనన్న భయం అక్కర్లేదు, తడి బురద లేనిచోట దాని ఆటలు సాగవు.

ఖర్చులో ముప్పాతిక భాగం కంకర, సిమెంటు గోడలు, కొలను తవ్వకానికే పోయింది. మొక్కలకు అయిందల్లా ఆటో కిరాయి, సొసైటీవాళ్లకు చాయ్ డబ్బులు. ప్రహరీ గోడ చెమ్మ పూర్తిగా పోలేదు. వట్టివేరు, తుంగ ఊటను తాగుతాయి గాని చెరువు నిండుగా ఉన్న నెలల్లో ఆ తాగేది చాలదు. గోడ వెంబడి అడుగున్నర లోతు కాలువ తీసి, కంకర నింపి, నీళ్లను రోడ్డు పక్క మోరీ దాకా తీసుకుపోవాలని నేను రాసిచ్చాను. ఈ ఎండాకాలం ఆ పని పెట్టుకున్నాం.

ఇదే ఏర్పాటు తమకూ కావాలని ఫోన్ చేసేవాళ్లకు నేను ముందు అడిగేది స్థలం. రెండు వందల గజాల ప్లాటులో, చుట్టూ ఇళ్లున్నచోట జమ్ము పెట్టను, ఎంత అడిగినా. అక్కడ గుండ్రకాడల తుంగ ఒక గోలెంలో చాలు. మహబూబ్‌నగర్ వైపు దుబ్బ నేలల్లో, ఊట లేనిచోట "జాలు మూల" కోసం బోరు నీళ్లు వదిలి బురద తయారుచేయమని ఒకరు అడిగారు. భూమిలో నీళ్లు తోడి బురద చేసుకోవడం నాకు అర్థం కాలేదు. వాళ్లకు వట్టివేరు పిలకలు ఇచ్చి పంపాను.